ఆరు చీరలు, ఒక హత్య

2023 వేసవి. రెడ్డిగూడెం వైపు నుంచి మామిడికాయల లారీలు వరసపెట్టి తిరువూరు మీదుగా పోతున్న రోజులు. బస్టాండు వెనక సందులో నా టైలరింగు షాపు. షాపు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. రెండు మిషన్లు, ఒక పీకో మిషను, గోడకు అద్దం, నేను. పేరు సుగుణ. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ సుగుణక్కని. ఇరవై తొమ్మిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను, చీరలకు ఫాల్ వేస్తున్నాను. చెప్పిన రోజుకు ఇవ్వదని నన్ను తిట్టని మనిషి ఈ ఊళ్ళో లేదు. అలా తిట్టి ఇంకో టైలరు దగ్గరికి పోయి మళ్ళీ నా దగ్గరికి రాని మనిషి కూడా లేదు. ఇది కొంచెం గొప్పలు చెప్పుకోవడమే. పోనివ్వండి.

మగవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఫాల్ అంటే ఏమిటో ముందే చెప్పాలి. చీర అడుగు అంచుకు లోపలి వైపున, కుచ్చిళ్ళు వచ్చేంత మేర కుట్టే నూలు పట్టీ అది. దాని బరువుకు కుచ్చిళ్ళు తీరుగా జారతాయి, అంచు కాళ్ళకు తగిలి చిరగదు. చీర రంగులోనే ఉండాలి. కుట్టు చేత్తో వేయాలి, పైకి కనిపించకూడదు. ఎవరైనా చూసి "ఫాల్ భలే కుట్టావే" అన్నారంటే ఆ పని చెడినట్టు లెక్క. పీకో అంటే చీర చివర్లు పోగులు ఊడకుండా మిషను మీద వేసే కుట్టు. ఇంతే మా విద్య.

ఒకరోజు పొద్దున్నే ప్రవీణ్ వచ్చాడు. వినగడప పిల్లవాడు. వాళ్ళమ్మ నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. "మావాడు సినిమాల్లో పనిచేస్తున్నాడు" అని ఆవిడ తొమ్మిదేళ్ళుగా చెబుతోంది, నేను తొమ్మిదేళ్ళుగా "అలాగా" అంటున్నాను. ఈసారి నిజంగానే తనే డైరెక్టరై, మొదటి సినిమా తీయడానికి మా ఊరు వచ్చాడు.

"అక్కా, ఆరు చీరలకి ఫాలూ పీకో, ఆరు జాకెట్లూ కావాలి. అన్నీ ఒక్కలాగే ఉండాలి. మూడ్రోజుల్లో."

"ఆరుగురు అక్కచెల్లెళ్ళా?"

"కాదక్కా, ఒక్కావిడే. ఆవిణ్ణి చంపుతున్నాం."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. అప్పుడు నవ్వి చెప్పాడు. కథలో భార్య చచ్చిపోతుందట. తల దగ్గర రక్తం ఉంటుందట. షాట్ సరిగా రాకపోతే మళ్ళీ తీయాలి, రక్తం అంటిన చీరతో మళ్ళీ తీయలేరు కాబట్టి కొత్తది కావాలి. మొదటి చీరకూ ఆరో చీరకూ వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. దీన్ని వాళ్ళు కంటిన్యుటీ అంటారు. చీరలు లేత ఆకుపచ్చవి, రెండు అంచులకూ సన్నటి గీత, ముందూ వెనకా ఒకేలా ఉండే సాదా రకం. ఆది జాకెట్టు, అంటే కొలతలకు ఇచ్చే పాత జాకెట్టు, సంచిలోంచి తీసిచ్చాడు. నేను కొలతలు రాసుకుంటుంటే కథ చెప్పాడు.

భార్య రెడ్డిగూడెం బడిలో టీచరు. రోజూ మొదటి బస్సుకు వెళ్తుంది. భర్త ఆవిణ్ణి తెల్లవారుజామున నిద్రలోనే చంపేస్తాడు. బడికి వెళ్ళే చీర తనే కట్టి, మెట్ల కింద పడుకోబెడతాడు. బస్సుకు టైమవుతోందని కంగారుగా దిగుతూ జారిపడింది అంటాడు. చెప్పులు ఒకటి పైమెట్టు మీద, ఒకటి కింద. టిఫిను డబ్బా దొర్లిపోయి ఉంటుంది. పక్కింటివాళ్ళు నమ్ముతారు, పోలీసులూ నమ్ముతారు.

"మరి ఎలా దొరుకుతాడు?" అన్నాను.

ప్రవీణ్ మొహం చిన్నబోయింది. "భార్య కల్లోకొస్తుంటుందక్కా. తట్టుకోలేక తనే స్టేషనుకెళ్ళి ఒప్పేసుకుంటాడు."

"చెప్పులు కూడా లెక్కగా సర్దినవాడు కలలకి భయపడతాడా? నువ్వు భలేవాడివే."

"మీరు కూడా అదే అంటున్నారా?" అని స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. బెజవాడ నుంచి వచ్చిన నిర్మాత కూడా ఇదే మాట అన్నాడట. నిందితుడు తనంతట తను ఒప్పుకుంటే అది సస్పెన్సు సినిమా కాదు, ప్రార్థన కూడిక అన్నాడట. శుక్రవారం సాయంత్రం వస్తానని, అప్పటికి వాణ్ణి పట్టించే రుజువు ఒకటి దొరక్కపోతే సామాను సర్దించేస్తానని చెప్పి వెళ్ళాడట. హీరో ఉండేది ఆదివారం దాకానే. ఆగితే మళ్ళీ మొదలయ్యే సినిమా కాదది.

"వినగడపంతా మా అమ్మ చెప్పేసుకుంది అక్కా," అన్నాడు. నాకు జాలేసింది. ఆవిడ ఎంత గట్టిగా చెప్పుకుని ఉంటుందో నాకు తెలుసు.

ఆ మూడు రోజులూ మిషను తొక్కుతూ నేనూ ఆలోచించాను. మా ఆయన ఇస్సాకు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని అడిగితే, మొదటి బస్సు ఆ రోజు రద్దయిందని, ఆ సంగతి ఆవిడకు ముందే తెలుసని పెట్టమన్నారు. ప్రవీణ్‌కి ఫోన్ చేసి చెప్పాను. అది ముందే రాసి కొట్టేశానన్నాడు, పోలీసు కథలన్నిట్లో అదే ఉంటుందట. నేను చెప్పిన రెండు ఉపాయాలు కూడా విని, పాపం, "ఆలోచిస్తానక్కా" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏంటో తెలియనంత అమాయకురాల్ని కాదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగించుకుని, చివరి రెండు జాకెట్లూ పట్టుకుని షూటింగు ఇంటికి వెళ్ళాను. అది రమాదేవి గారి మేడ. ఇల్లు అద్దెకిచ్చినందుకు ఆవిడ వంటింట్లోకి కూడా అనుమతి అడిగి వెళ్ళాల్సొస్తోంది. పోర్టికోలో కుర్చీ వేసుకుని, పక్కింటి లక్ష్మితో కలిసి చిక్కుడుకాయలు వలుస్తోంది. నేనూ కూర్చున్నాను.

లోపల ఆ పొద్దున తీసింది ముఖ్యమైన షాట్. హీరో తన చేతులతో శవానికి చీర కట్టాలి. కెమెరా ఆపకుండా మొత్తం ఒకేసారి తీశారట. తర్వాత అలాగే ఎత్తుకెళ్ళి మెట్ల కింద పడుకోబెట్టి అక్కడా తీశారు. జాకెట్టు, లంగాలతో కళ్ళు మూసుకుని పడుకున్న హీరోయిను హైదరాబాదు అమ్మాయి, పెళ్ళిళ్ళకు తప్ప చీర ఎరగదు, అదీ ఇంకొకళ్ళు కడితేనే. ఆ అమ్మాయి తప్ప అక్కడ ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే.

షాట్ బాగా వచ్చిందని చప్పట్లు కొట్టారు. తీసింది చూసుకునే చిన్న టీవీని పోర్టికోలోనే పెట్టారు. ప్రవీణ్ అందరినీ పిలిచాడు. "అక్కా, రమాదేవి గారూ, మీరూ చూడండి. మొదటి ప్రేక్షకులు మీరే."

టీవీలో మెట్లు, దొర్లిన టిఫిను డబ్బా, చెప్పు. కెమెరా మెల్లగా పాదాల నుంచి నడుము దాకా వచ్చింది. అంతే. రమాదేవి గారి చేతిలో చిక్కుడుకాయ ఆగింది. లక్ష్మి నా వైపు చూసింది. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఒక్కసారి పగలబడి నవ్వాం. నాకైతే పొట్ట పట్టుకోవాల్సి వచ్చింది.

ప్రవీణ్ మొహం కందగడ్డ అయిపోయింది. "చావు సీను చూసి నవ్వుతారేంటి అక్కా?"

"చావుకి కాదు బాబూ, చీరకి. తలకిందులుగా కట్టారు. ఫాల్ నడుం దగ్గరకొచ్చింది, చూడు!"

నిజమే. అడుగున ఉండాల్సిన అంచు నడుము దగ్గరికెక్కింది, లోపల ఉండాల్సిన వైపు బయటికి తిరిగింది. చీర ముందూ వెనకా ఒకేలా ఉండటంతో హీరో ఇటు పట్టుకోబోయి అటు పట్టుకున్నాడు. పొట్ట మీద అడ్డంగా నా ఫాల్ పట్టీ, దాని మీద నేను చేత్తో వేసిన కుట్టు. కింద కుచ్చిళ్ళేమో బరువు లేక గాలికి లేచిపోయి ఉన్నాయి.

మగవాళ్ళందరూ టీవీ మీదికి వంగారు. కాసేపు చూశారు. "ఎక్కడ?" అన్నాడు కెమెరా అతను.

బట్టల సంగతి చూసే మూర్తి అనే ఆయనకు మాత్రం తప్పు తన మీదికి వస్తుందని వెంటనే అర్థమైంది. "ఈవిడే ఫాల్ తప్పు వైపు కుట్టింది సార్. పల్లెటూరి పని."

చూడండి, నన్ను లేటు అనండి, నోటి దురుసు అనండి, ఊరుకుంటాను. నా కుట్టును అంటే మాత్రం ఊరుకోను. మిగిలిన చీరలు తెప్పించి, ఒక్కోటీ పోర్టికోలో పరిచాను. "చెంగు ఏదో చూపించు," అన్నాను మూర్తితో. చూపించాడు. "లోపల దోపే చివర ఏది?" అదీ చూపించాడు, రెండోసారికి. "అక్కణ్ణించి అడుగు అంచుకేగా ఫాల్ ఉంది? ఐదింటికీ ఉందా లేదా?" ఉందన్నాడు. "నీకు పెళ్ళయిందా?" అయిందన్నాడు. "మీ ఆవిడ చీరకి ఫాల్ ఎక్కడుంటుంది?" మూర్తి చీర వంక, ఆకాశం వంక చూశాడు.

అక్కడున్న మగవాళ్ళందరినీ అడిగాను. కెమెరా అతను పైన అన్నాడు. లైట్లు పట్టుకునే పెద్దాయన, మనవలున్నవాడు, చీరను బట్టి ఉంటుందన్నాడు. ఒకాయన అసలు ఫాల్ అంటే ఏంటన్నాడు. హీరో గారు మాత్రం నిజాయితీగా చెప్పారు. "పన్నెండేళ్ళయిందండీ మా పెళ్ళయి. రోజూ కట్టుకుంటుంది. నేనెప్పుడూ చూళ్ళేదండి." లోపలి నుంచి హీరోయిను రక్తం మొహంతో వచ్చి, తన నడుము తనే చూసుకుని, ఆ అమ్మాయీ నవ్వు మొదలుపెట్టింది.

అందరం నవ్వుతుంటే ప్రవీణ్ ఒక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు. పొద్దుటి పనంతా వృథా. సాయంత్రానికి నిర్మాత వస్తాడు. చేతిలో ముగింపు లేదు, ఇప్పుడు హత్య కూడా లేదు. నాకు నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి "మళ్ళీ తీద్దువులే బాబూ, నేను దగ్గరుండి కట్టిస్తాను" అన్నాను.

అతను తలెత్తి అదోలా చూశాడు. "అక్కా, మగాళ్ళెవరికీ కనపళ్ళేదు కదా?"

"కనపళ్ళేదు."

"మీ ముగ్గురికీ ఎంతసేపు పట్టింది?"

"ఎంతసేపేంటి? చూడగానే."

"అంటే హీరో కాదు తప్పు చేసింది," అని లేచి నిలబడ్డాడు. "కథలో మొగుడు. ఇరవయ్యేళ్ళు కాపురం చేశాడు. చెప్పులు సర్దాడు, టిఫిను డబ్బా సర్దాడు, పోలీసులేం చూస్తారో అన్నీ ఆలోచించాడు. చీర మాత్రం తలకిందులుగా కట్టాడు. వాడికి తెలీదు కాబట్టి. చూసిన పోలీసులకీ తెలీదు కాబట్టి!"

నాకు భలే నచ్చింది. కానీ నేను ఊరుకునే రకం కాదు కదా, వెంటనే అడ్డం వేశాను. "అదంతా బానే ఉంది. శవాన్ని చూడ్డానికి ముందొచ్చేది ఆడవాళ్ళే. అరుగు దిగకముందే పట్టేస్తారు. నీ సినిమా పావుగంటలో అయిపోద్ది."

ప్రవీణ్ మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి మేమందరం ఆలోచించాం, చిక్కుడుకాయలు వలుస్తూనే. చివరికి రమాదేవి గారు అన్నారు, "ఎవరన్నా పోతే ముందు దుప్పటి కప్పుతాం కదండీ."

అవును కదా! భర్త ఏడుస్తూ భార్య మీద దుప్పటి కప్పుతాడు. చూసేవాళ్ళకి ఎంత మర్యాదస్తుడు అనిపిస్తుంది. ఆడవాళ్ళు వచ్చేసరికి మొహం తప్ప ఏమీ కనపడదు. దుప్పటి తీసేది పోలీసుల ఫోటో కోసం ఒకసారి, పోస్టుమార్టంలో చీర విప్పేటప్పుడు ఒకసారి, రెండుచోట్లా ఉండేది మగవాళ్ళే. ఆ ఫోటో ఫైల్లో పడి ఉంటుంది, ఆరు నెలల తర్వాత ఆ స్టేషనుకు బదిలీ మీద వచ్చిన మహిళా కానిస్టేబులు కంట పడేదాకా. ప్రవీణ్ ఆ ముక్కలన్నీ గడగడా రాసుకున్నాడు.

సాయంత్రం నిర్మాత వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ప్రవీణ్ కథ చెప్పి, షాట్ వేసి చూపించాడు. నిర్మాత రెండుసార్లు చూశాడు. "నాకేం కనపళ్ళేదయ్యా," అన్నాడు. "చీర చీరలాగే ఉంది. ఇంత పెద్ద హత్య దీని మీద నిలబడుద్దా? ఎవరు కనిపెడతారు దీన్ని?"

ప్రవీణ్ తొమ్మిదేళ్ళ కష్టం ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది. నాకు ఆగలేదు. "మీకు కాదండీ కనపడాల్సింది. మీ ఇంట్లో వాళ్ళకి చూపించండి. ఏమీ చెప్పకుండా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఏమనుకున్నాడో, భార్యకు వీడియో కాల్ చేశాడు. ఫోనును టీవీ వైపు తిప్పి, "ఇదిగో, మన సినిమా. ఎలా ఉందో చెప్పు," అన్నాడు. మేమందరం ఫోను చుట్టూ మూగాం. ఫోనులోంచి ముందు కుక్కరు విజిలు వినపడింది.

"ఎవరామె? పడిపోయిందా?" అంది ఆవిడ గొంతు. కెమెరా నడుము దగ్గరికి వచ్చింది. "అయ్యో, చీరేంటండీ అలా ఉంది? ఫాల్ పైనుంది." ఒక్క క్షణం ఆగింది. "ఆవిడ కట్టుకుంది కాదది. ఎవరు కట్టారు? మొగుడా?"

నిర్మాత ఫోను కిందికి దించి టీవీ వంక ఇంకోసారి చూశాడు. తర్వాత ప్రవీణ్ భుజం మీద చెయ్యేసి, "రేపు పొద్దున స్టేషన్ సీన్లు పెట్టుకో," అన్నాడు. ప్రవీణ్ అందరి ముందూ నా చేతులు రెండూ పట్టుకున్నాడు. లక్ష్మి చిక్కుడుకాయల పళ్ళెం పక్కనపెట్టి ఈల వేసింది. ఆవిడకు ఈల వేయడం వచ్చని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున మూర్తి నా షాపుకు వచ్చి వాళ్ళావిడ కోసమని ఒక చీర ఇచ్చి ఫాల్ వేయమన్నాడు. అది అతని క్షమాపణ. నేనూ చెప్పిన రోజుకే ఇచ్చాను.

సినిమా మరుసటి ఏడాది వచ్చింది. మా ఊరి హాల్లో మ్యాట్నీకి మా ఆయనతో కలిసి వెళ్ళాను. వినగడప నుంచి ప్రవీణ్ వాళ్ళమ్మ రెండు ఆటోల జనాన్ని వేసుకొచ్చింది. మెట్ల షాట్ రానే వచ్చింది. పాదాల దగ్గర నుంచి కెమెరా కదిలి నడుము దగ్గరికి వచ్చేసరికి, హాల్లో ఆడవాళ్ళున్న ప్రతి వరసలోంచీ ఒక్కసారి "అయ్యో!" అని లేచింది. మగవాళ్ళంతా అటూ ఇటూ చూస్తున్నారు. తెర మీద భర్త దుప్పటి కప్పుతుంటే వెనక నుంచి ఒక ముసలమ్మ, "కప్పేస్తున్నాడే దొంగసచ్చినోడు!" అని అరిచింది. తర్వాత ఎస్సై ఫైలు మూసేసినప్పుడైతే "ఫోటో చూడయ్యా, ఫోటో!" అని నాలుగు వైపుల నుంచీ కేకలు. తెర మీద పోలీసులకు గంట పట్టిన నేరాన్ని తిరువూరు ఆడవాళ్ళు ఒక్క చూపుతో తేల్చేశారు.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పట్టరాని సంతోషం. కనపడకుండా కుట్టడమే నా పని అని ఇరవై తొమ్మిదేళ్ళు తల వంచుకుని కుట్టాను. ఆ కుట్టును హాలంతా చూసి కేకలు పెడుతుంటే, నా జన్మలో ఒక్కసారైనా ఇది విన్నాను చాలు అనిపించింది. ఆ సినిమా వల్ల నేను తెలుసుకున్నది ఒకటుంది. ఇంట్లో రోజూ జరిగే పనిని కళ్ళెత్తి చూడని మనిషి ఎంత తెలివిగలవాడైనా, ఆ ఇంట్లో తప్పు చేసి దాచలేడు. అతనికి తెలియనిది ఏమిటో కూడా అతనికి తెలియదు.

మా ఆయన సినిమా అంతా నోరు తెరుచుకునే చూశారు. ఇంటికొచ్చాక టీ పెట్టి పెరట్లోకి చూస్తే, తీగ మీద ఆరేసిన నా చీర దగ్గర నిలబడి చెంగు చివర పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నారు.

"ఏంటండీ వెతుకుతున్నారు?"

"ఏం లేదే. ఫాల్ ఎక్కడుందా అని."

వెళ్ళి ఆయన చేతిలోంచి చెంగు విడిపించి టీ గ్లాసు పెట్టాను. "ఆ సంగతి మీకెందుకు లెండి. అది మీకు తెలీనంత కాలం నా ప్రాణానికి ఢోకా లేదు."